గేదెల కొట్టంలో పందొమ్మిదేళ్లు పడున్న పాత ఆటోని మళ్లీ కదిలించాలంటే

ముందే ఒక మాట. పాత ఆటోని మూలలోంచి బయటికి లాగగానే ఎవరికైనా చెయ్యి దురదపెడుతుంది, స్టార్టింగ్ రాడ్డు పట్టుకుని ఒక్క లాగు లాగి చూద్దామని. ఆ పని చేయకండి. నేను చేశాను. మా బాబాయి ఆటో, వెనక ఇంజను ఉన్న టూస్ట్రోక్ బజాజ్, తెనాలి స్టేషన్ దగ్గర ఏళ్ల తరబడి తిరిగి తిరిగి, ఆయనకి మోకాళ్లు పట్టేశాక ఊళ్లో గేదెల కొట్టంలో ఓ వారకి చేరింది. పందొమ్మిదేళ్లు. మొన్నామధ్య సంక్రాంతికి వెళ్లినప్పుడు నలుగురం కలిసి బయటికి తోశాం, బాబాయి "ఒరేయ్ ఆగరా, ముందు ప్లగ్గు తియ్యి" అంటూనే ఉన్నాడు, నేను వినకుండా బలంగా రాడ్డు లాగేశాను. గర్రుమని చప్పుడు చేసి తిరిగింది. తిరిగిందని సంబరపడ్డాను కూడా. తర్వాత హెడ్ విప్పి చూస్తే బోరులో, అంటే పిస్టను ఆడే గొట్టంలో, పైనుంచి కిందికి గీతలు, ఒక పిస్టను రింగు రెండు ముక్కలు. తుప్పు పట్టిన బోరులో పొడి రింగుల్ని ఈడ్చానన్నమాట. నెమ్మదిగా కదిలించుంటే పాత పిస్టనుతోనే పోయేదేమో, లేత్ షాపుకీ ఓవర్‌సైజు పిస్టనుకీ పెట్టాల్సొచ్చింది.

అందుకే నా వరస వేరే. స్టార్ట్ చేయడం చివరి పని. దానికి ముందు బ్రేకులు, గాలి దారి, ఆయిలు.

ఇక్కడ రాసేదంతా పెట్రోలు టూస్ట్రోక్ బజాజ్ గురించి. బజాజ్ ఆటోలు 1960ల మొదట్లో ఇటలీ పియాజియో సాంకేతిక సహకారంతో మొదలయ్యాయి, ఆ ఒప్పందం 1971లో ముగిసింది, వెనక ఇంజను ఆటో 1977లో వచ్చింది. అంటే ఇంజను వంశం పియాజియో వాళ్ల వెస్పా స్కూటర్‌దే. బోరు 57 మి.మీ., స్ట్రోకు 57 మి.మీ., లెక్కేస్తే 145.45 సీసీ, పాత చేతక్ స్కూటర్‌దీ అదే లెక్క. చేతక్‌లు విప్పి పండిపోయిన మెకానిక్ ఎవరైనా మీ ఊళ్లో మిగిలుంటే ఆయన్ని పట్టుకోండి, సగం పని అయినట్టే. అలాగని కొలత ఒకటే కదా అని చేతక్ పిస్టను తెచ్చి దూర్చేయొద్దు, పోర్టుల కోత, పిన్ను ఎత్తు కూడా కలవాలి. పాత పిస్టను సంచిలో వేసుకుని వెళ్లి కౌంటర్ మీద పక్కపక్కన పెట్టి చూసుకుని కొనండి. మీది డీజిల్ ఆటోనో ఫోర్‌స్ట్రోకో అయితే ఇందులో బ్రేకులు, టైర్ల సంగతి వరకే మీకు పనికొస్తుంది.

డబ్బులు పెట్టకముందే కాగితాలు చూసుకోండి. ఆర్‌సీ ఉందా, ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు దాంతో కలుస్తున్నాయా, ట్యాక్సు ఎక్కడిదాకా కట్టి ఉంది. ఆటో రవాణా వాహనం కిందకి వస్తుంది, రోడ్డెక్కాలంటే ఫిట్‌నెస్ కావాలి, ఇంత పాత బండికి అది ఏటేటా చేయించుకోవాల్సిందే. 2021లో కేంద్రం వింటేజ్ బండ్లకి వేరే రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చింది కదా, అందులో పెట్టేద్దాం అనుకుంటారు కొందరు. అవి 50 ఏళ్లు దాటిన రెండు చక్రాల, నాలుగు చక్రాల బండ్ల కోసం పెట్టినవి, మన మూడు చక్రాలది అందులో లేదు. కాబట్టి ఆర్టీవో ఆఫీసులో నంబరు పరిస్థితి కనుక్కున్నాకే పెద్ద ఖర్చులోకి దిగండి. సొంత పొలంలో తిప్పుకుని ముచ్చట తీర్చుకుంటాను అంటారా, అది మీ ఇష్టం.

ఇక బండి దగ్గరికి. మొదటి రోజు పానా ముట్టొద్దు. కర్ర, టార్చి లైటు చాలు. సీటు కిందా, ఇంజను డబ్బాలో, డ్రైవర్ కాళ్ల దగ్గరి రేకు వెనకా చెయ్యి పెట్టే ముందు కర్రతో తట్టండి, ఎలుకలు ఉన్న చోటికి పాములు వస్తాయి, ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు, మాకు సీటు కింద ఇంత పొడుగు కుబుసం దొరికింది. ఎలుకలు గూడు పెట్టడానికి అన్నిటికంటే ఇష్టపడే చోటు ఇంజను చుట్టూ ఉండే ఫ్యాన్ కవరు లోపల. ఈ ఇంజన్ని చల్లబరిచేది మ్యాగ్నెట్‌తో (ఇంజనుతో పాటు తిరుగుతూ స్పార్కుకి కరెంటు పుట్టించే చక్రం) పాటు తిరిగే ఫ్యాను గాలే, ఇంకేమీ లేదు. ఆ గాలి దారిలో గడ్డి, గుడ్డపీలికలు, వడ్లపొట్టు కూరుకుపోయి ఉంటే ఇంజను చక్కగా స్టార్టయి పది నిమిషాల్లో మళ్లీ పట్టేస్తుంది. కాబట్టి కవరు పూర్తిగా విప్పి బోరు మీది రెక్కల మధ్య బ్రష్షు పెట్టి తోమాల్సిందే, బయటినుంచి గాలి కొట్టించి వదిలేస్తే సరిపోదు. సైలెన్సర్ గొట్టంలో, కార్బొరేటర్ నోట్లో కందిరీగలు మట్టిగూళ్లు కడతాయి, అవి కూడా పొడిచి తీసేయండి.

ఇప్పుడు ఇంజను. ప్లగ్గు విప్పి ఆ బెజ్జంలోంచి సగం డీజిలు, సగం పవర్ స్టీరింగ్ ఆయిలు కలిపి ఒక ముప్ఫై నలభై మిల్లీలీటర్లు పోయండి. టూటీ ఆయిలైనా, అంటే టూస్ట్రోక్ ఇంజన్లకి పెట్రోల్లో కలిపే ఆయిలైనా, పరవాలేదు. పోసి గుడ్డ ముక్క కుక్కి ఇంటికి పోండి. రెండు రోజులాగి ఇంకాస్త. వారం పట్టినా తొందరపడొద్దు. తర్వాత నాలుగో గేరులో వేసి, క్లచ్ పట్టుకోకుండా, బండిని చేత్తో అంగుళం ముందుకీ అంగుళం వెనక్కీ ఊపండి. టాప్ గేరే ఎందుకంటే చక్రం వైపు నుంచి ఇంజన్ని తిప్పడానికి ఆ గేరులోనే బలం తక్కువ పడుతుంది. స్టార్టింగ్ రాడ్డుతో మాత్రం ఈ పని చేయొద్దు, లోపలి పళ్లు అరుగుతాయి లేదా కేబుల్ తెగుతుంది. నెమ్మదిగా ఊపుతుంటే ఎక్కడో ఒకచోట మెత్తగా జారినట్టు తెలుస్తుంది, అదీ మీకు కావాల్సింది. అస్సలు కదలకపోతే హెడ్ విప్పి చూడండి, నాలుగు నట్లే, పై నుంచి బోరు కనపడుతుంది, ఎర్రగా తుప్పుంటే ఎక్కడ పట్టిందో అర్థమవుతుంది. చెక్కముక్క అడ్డం పెట్టి చిన్నగా తట్టొచ్చు, పిస్టను మీద నేరుగా సుత్తి దెబ్బ వేస్తే ఇక అంతే.

కదిలాక పిస్టన్ని కాస్త కిందికి దించి, ఫ్లైవీల్ని, అదే ఆ మ్యాగ్నెట్ చక్రాన్ని, అటూ ఇటూ సన్నగా కదుపుతూ వినండి. టక్ టక్ అని లూజు వినిపిస్తే కనెక్టింగ్ రాడ్డు (పిస్టన్ని కింద తిరిగే క్రాంకు ఇరుసుకి కలిపే కడ్డీ) కింది బేరింగు పోయినట్టు, అప్పుడు ఇంజను దించక తప్పదు. లూజు లేకపోతే ప్లగ్గు పెట్టకుండానే నాలుగైదుసార్లు తిప్పి లోపలి డీజిలంతా బయటికి కక్కించండి, మొహం ఆ బెజ్జానికి ఎదురుగా పెట్టకుండా.

ఆయిలు సీళ్ల దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే పాత టూస్ట్రోకు చచ్చేది ఎక్కువగా ఇక్కడే. క్రాంకుకి రెండు పక్కలా రబ్బరు సీళ్లు ఉంటాయి, ఒకటి మ్యాగ్నెట్ వైపు, ఒకటి క్లచ్ వైపు. ఏళ్ల తరబడి ఎండలకి ఎండి అవి అప్పడంలా గట్టిపడతాయి. టూస్ట్రోకులో పెట్రోలు, గాలి కలిసి ముందు క్రాంకు గదిలోకి వచ్చి అక్కడినుంచి పైకి పోవాలి, కాబట్టి ఆ గది బిగుతుగా ఉండాలి. మ్యాగ్నెట్ వైపు సీలు పోతే బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది, పెట్రోలు పలచబడుతుంది, ఆ పెట్రోల్లోనే ఆయిలు కూడా ఉంది కాబట్టి ఆయిలూ తగ్గుతుంది. ఇంజను యాక్సిలరేటర్ ఇవ్వకుండానే రేజ్ అయిపోతుంది, వేడెక్కుతుంది, పిస్టను కరుగుతుంది. క్లచ్ వైపు సీలు పోతే గేరు ఆయిల్ని పీల్చుకుని దట్టంగా పొగ కక్కుతుంది, ఎంతసేపు నడిపినా పొగ తగ్గదు, గేరు ఆయిలు మట్టం మాత్రం తగ్గుతుంది. పదేళ్లు దాటి పడున్న బండికి ఈ రెండూ చూడకుండానే మార్చేయండి అంటాను నేను. పెద్ద ధరవేమీ కావు, పనే ఎక్కువ. పాత సీలు మీద లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం అచ్చు వేసి ఉంటాయి, ఆ మూడు అంకెలు చెబితే బండి పేరు చెప్పక్కర్లేకుండా బేరింగుల షాపులోనే దొరుకుతాయి. మాకు విజయవాడ ఆటోనగర్‌లో దొరికాయి. హైదరాబాద్ వాళ్లయితే పుత్లీబౌలీ, రాణిగంజ్ వైపు ఒక పూట తిరిగితే చాలావరకు పని అయిపోతుంది.

గేరు ఆయిలు దించేయండి. టీ రంగులో పాలు కలిపినట్టు వస్తే నీళ్లు చేరినట్టు, రెండుసార్లు కొత్త ఆయిలు పోసి దించి మూడోసారి ఉంచండి. క్లచ్ ప్లేట్లు ఆ ఆయిల్లోనే మునిగి ఉంటాయి, కాబట్టి కార్లకి పోసే ఖరీదైన జారుడు ఆయిళ్లు వద్దు, క్లచ్ జారుతుంది. ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుపోయి క్లచ్ పట్టుకున్నా బండి గేరులోంచి వదలకపోవడం మామూలే, కొత్త ఆయిలు పోసి, టాప్ గేరులో వేసి, క్లచ్ లాగి పట్టుకుని తోస్తుంటే చాలావరకు టప్‌మని వదులుతాయి.

బ్రేకులు. హైడ్రాలిక్ అయితే పెడలు నేలకి పోతుంది, లేదా రాయిలా కదలదు, రెండూ చెడే. బ్రేకు ఆయిలు గాల్లోని తేమ పీల్చుకుంటుంది, పందొమ్మిదేళ్లలో చక్రాల సిలిండర్లలో తుప్పు చేసి రబ్బరు వాచర్లని పాడుచేసేస్తుంది. మూడు డ్రమ్ములూ విప్పండి, డ్రమ్ము రాకపోతే చుట్టూ చెక్కసుత్తితో తట్టి, బ్రేకు అడ్జస్టర్ని వెనక్కి తిప్పి చూడండి. సిలిండర్లు గుంటలు పడితే మార్చడమే, రాపిడి కాగితంతో రుద్ది సరిపెట్టుకోవద్దు. రబ్బరు హోసులు కూడా మార్చండి, బయటికి బాగానే కనిపించి లోపల ఉబ్బి మూసుకుపోయి ఉంటాయి. కొత్త డాట్ 3 ఆయిలు పోసి, మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టి గాలి తీయండి. స్టార్టవకముందే బ్రేకుల మీద ఇంత రభస ఎందుకంటే, సీలు కారణంగా ఇంజను రేజ్ అయిందనుకోండి, స్విచ్ ఆపినా ఒక్కోసారి ఆగదు. అప్పుడు దాన్ని ఆపే దారి, టాప్ గేరులో వేసి బ్రేకు గట్టిగా తొక్కి క్లచ్ వదిలేయడమే. బ్రేకు లేకపోతే గోడే ఆపాలి.

టైర్లు 4.00-8 సైజు, ఇప్పటికీ దొరుకుతున్నాయి, ఆ దిగులు లేదు. పక్కల్లో పగుళ్లుంటే అరుగుదల లేకపోయినా పారేయండి. ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతాను: ఈ రిమ్ము రెండు ముక్కలు, బోల్టులతో కలిపి ఉంటుంది. ట్యూబులో గాలి మొత్తం తీయకుండా ఆ బోల్టులు విప్పితే రిమ్ము ముక్క మొహం మీదికి ఎగురుతుంది. వాల్వు పిన్ను తీసేసి, టైరు చేత్తో నొక్కి చూసుకున్నాకే పానా పెట్టండి. చక్రాలు ఎలాగూ విప్పారు కాబట్టి బేరింగుల్లోని పాత గ్రీజు కిరసనాయిల్తో కడిగి కొత్తది కూరండి.

పెట్రోలు ట్యాంకు మూత తీయగానే రంగు డబ్బా వాసన వస్తుంది. లోపలి పెట్రోలు ఎండి లక్కలా అట్ట కట్టి ఉంటుంది, కింద తుప్పు. పాతది ఒంపేసి, ట్యాంకు దించి, గుప్పెడు చిన్న నట్లు వేసి బాగా కుదిలించండి, పిల్లలకి ఇస్తే ఆ పని సరదాగా చేస్తారు. తర్వాత వేడి నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి నిండా పోసి ఒక రోజు వదిలేస్తే తుప్పు ఊడుతుంది. వంటసోడా నీళ్లతో కడగడం మరవద్దు, లేకపోతే మిగిలిన పులుపు మళ్లీ తుప్పు తెస్తుంది. ఎండలో పూర్తిగా ఆరాక లోపల కాస్త టూటీ ఆయిలు చిలకరించి తిప్పండి. ట్యాంకుకి చిల్లి పడితే వెల్డింగుకి ఇచ్చే ముందు పది సార్లు ఆలోచించండి, ఖాళీ ట్యాంకులో ఉండే ఆవిరే బాంబు. పైపులు, వాచర్లు అన్నీ కొత్తవి వేయండి, ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు, పాత రబ్బరు దాంట్లో ఉబ్బి ముక్కలు ముక్కలుగా కార్బొరేటర్ జెట్టులోకి, అంటే పెట్రోలు వచ్చే సన్న బెజ్జంలోకి, వస్తుంది.

కార్బొరేటర్ విప్పేటప్పుడు తెల్లగుడ్డ పరిచి ఒక్కో మెట్టుకీ ఫోన్లో ఫొటో తీసుకోండి. మెయిన్ జెట్టు, పైలట్ జెట్టు వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే గుండ్రటి చుక్క కనపడాలి. కనపడకపోతే స్ప్రే కొట్టి, నానబెట్టి, వైరులోంచి తీసిన ఒక్క రాగి పోగుతో పొడవండి, సూది మాత్రం వద్దు, బెజ్జం పెద్దదైపోతే ఆ తర్వాత ఎంత ట్యూనింగ్ చేసినా కుదరదు. ఫ్లోటు, అంటే లోపల పెట్రోలు మీద తేలే బుడ్డి, చెవి దగ్గర ఊపి చూడండి, లోపల గలగలమంటే పెట్రోలు చేరినట్టు.

కరెంటు సంగతి తేలిక. ఈ పాత ఇంజన్లకి స్పార్కు మ్యాగ్నెట్ నుంచే వస్తుంది, బ్యాటరీ చచ్చినా ఫరవాలేదు. ప్లాటినం పాయింట్లు (తెరుచుకుంటూ మూసుకుంటూ స్పార్కు వేయించే చిన్న స్విచ్చు) ఉన్న బండి అయితే వాటి మీద తెల్లటి పొర కడుతుంది, సన్నటి ఎమెరీ కాగితంతో ఒకసారి, తర్వాత శుభ్రమైన తెల్లకాగితం మధ్యలో పెట్టి లాగి తుడవండి, గ్యాపు సుమారు 0.4 మి.మీ. కొత్త ప్లగ్గు వేయండి, దాని గ్యాపు 0.6. స్పార్కు నీలంగా చిటుక్కుమనాలి, పసుపుగా బద్ధకంగా వస్తే కండెన్సర్ని అనుమానించండి. స్పార్కు చూసేటప్పుడు పక్కన పెట్రోలు గిన్నె పెట్టుకోవద్దు, అలాంటి తెలివైనవాళ్లని చూశాను.

కేబుళ్లు, అంటే క్లచ్, రెండు గేరు కేబుళ్లు, యాక్సిలరేటర్, చోకు, స్టార్టింగ్ రాడ్డుది, తుప్పు లేకపోతే పై చివర పాలిథిన్ కవరు గరాటులా కట్టి ఆయిలు పోసి రాత్రంతా వేలాడదీయండి. తుప్పుంటే మార్చండి. సైలెన్సర్ బరువుగా అనిపిస్తే లోపల మసి గడ్డ కట్టినట్టు, విప్పి ఊరి బయట పిడకల మంటలో కాల్చి తట్టండి. ఇది వదిలేస్తే స్టార్టయి ఆగిపోతూ ఉంటుంది, జనం మాత్రం కార్బొరేటర్ని తిడుతూ కూచుంటారు.

ఇక ఆ రోజు. ఆరుబయట, పక్కన ఇసుక బకెట్టూ తడి గోనెసంచీ. ట్యాంకు నమ్మకుండా మొదట ఒక సీసాలో లీటరు కొత్త పెట్రోలుకి 40 మి.లీ. టూటీ ఆయిలు కలిపి, పైపు తగిలించి పైన కట్టండి. మామూలుగా నడిపేటప్పటికంటే ఇది ఎక్కువే, మొదటి రెండు మూడు లీటర్లకి మాత్రమే. విడిగా ఆయిలు పంపు ఉన్న బండి అయినా సరే, ఆ పంపు ఆడుతోందని కళ్లతో చూసేదాకా కలిపే పోయండి. చోకు లాగి, యాక్సిలరేటర్ ముట్టకుండా రాడ్డు లాగండి. పది లాగులకి రాకపోతే ప్లగ్గు విప్పి చూడండి. తడిగా ఉంటే స్పార్కు సమస్య, పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదు. ఇంత తేలికగా చెప్పే యంత్రం ఇంకోటి లేదు.

మొదట వచ్చే పొగ చూసి కంగారు పడొద్దు, మీరు పోసిన డీజిలూ ఆయిలూ కాలాలి కదా. ఐదు నిమిషాలు నడిపి ఆపండి, పూర్తిగా చల్లారనివ్వండి, హెడ్ నట్లు ఇంకోసారి బిగించి మళ్లీ. జనాన్ని ఎక్కించుకోకుండా రెండో గేరులో ఒకటి రెండు కిలోమీటర్లు పోయి ఆగి, ఒక్కో చక్రం మధ్యలో చెయ్యి దగ్గరగా పెట్టి, బ్రేకు పట్టేసి వేడెక్కుతోందేమో చూడండి.

మాది బాబాయే నడిపాడు, ఇంకెవరినీ ఎక్కనివ్వలేదు. కాలవ గట్టు దాకా వెళ్లి వచ్చాక ఎడమ వెనక చక్రం సెగలు కక్కుతోంది. ఆయన దిగను కూడా దిగకుండా "అడ్జస్టర్ రెండు పళ్లు వెనక్కి తిప్పరా" అన్నాడు. తిప్పాను. అప్పుడు ప్లగ్గు తీసి చూశాం, కాఫీపొడి రంగులో ఉంది, అంటే జెట్టు సరిపోయినట్టే. తెల్లగా ఉండుంటే ఆ రోజు బండి అక్కడే ఆపి మళ్లీ సీళ్ల దగ్గర్నుంచి మొదలుపెట్టేవాళ్లం.